కుక్కకు రాసిన పిడుదుల మందు పిల్లి ప్రాణం మీదికి వచ్చింది

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది ఖమ్మం దగ్గర ఒక ఊరు. ఇంట్లో రాకీ అనే కుక్క, చిట్టి అనే పిల్లి ఉన్నాయి. రాకీ లాబ్రడార్ క్రాస్, 24 కిలోలు ఉంటుంది. ఇంతవరకు ఏ జబ్బూ లేదు, ఫిట్స్ కూడా ఎప్పుడూ రాలేదు. వానలు మొదలయ్యాక దాని చెవుల నిండా, వేళ్ల సందుల్లో పిడుదులు పట్టాయి. మా మరిది పశువుల మందుల షాపులో గేదెలకు వాడే మందు తెచ్చి, కొంచెం నీళ్లు కలిపి గుడ్డతో ఒళ్లంతా రాశాడు. సీసా మీద డెల్టామెత్రిన్ 1.25 శాతం అని ఉంది. సాయంత్రానికి రాకీ చొంగ కార్చడం, వీపు గోడకేసి రుద్దుకోవడం మొదలుపెట్టింది. చిట్టి ఆ రాత్రి ఎప్పటిలాగే దాన్ని ఆనుకుని పడుకుంది. తెల్లారేసరికి చిట్టికి ఒళ్లంతా వణుకు, చెవులు అదరడం, ఆ తర్వాత ఫిట్స్. పట్నం తీసుకెళ్తే రెండు రోజులు సెలైన్, ఇంజెక్షన్లు ఇచ్చి బతికించారు. పిల్లికి అసలు మందే రాయలేదు కదా, ఎందుకిలా అయింది? మా అత్తయ్య ఇక ఏ మందూ ఇంట్లోకి రావద్దంటున్నారు. పిడుదులేమో మళ్లీ కనిపిస్తున్నాయి. మాత్ర వేద్దామంటే దానివల్ల ఫిట్స్ వస్తాయని తెలిసినవాళ్లు భయపెడుతున్నారు. ఆరేళ్ల మా పాప రోజంతా రాకీని పట్టుకునే ఉంటుంది. ఏం చేయమంటారు? నా వల్లే ఇదంతా జరిగిందని చాలా బాధగా ఉంది.
– ఒక పాఠకురాలు

సమాధానం: అమ్మా, చిట్టి బతికింది, అది పెద్ద విషయం. ఫిట్స్ దాకా వెళ్లిన పిల్లులన్నీ బతకవు. మీరు ఆలస్యం చేయకుండా తీసుకెళ్లారు కాబట్టే ఆ డాక్టరు గారికి దాన్ని కాపాడే అవకాశం దొరికింది. బాధ పడటం సహజమే కానీ, తప్పంతా మీ నెత్తిన వేసుకోకండి. కుక్క మందు పిల్లికి విషమన్న సంగతి అమ్మేవాళ్లు కూడా చాలా చోట్ల చెప్పరు.

మీరు సీసా చూసి మందు పేరు రాయడం నాకు చాలా పనికొచ్చింది. చాలా ఉత్తరాల్లో "గేదెల మందు", "తెల్ల సీసా", "షాపాయన ఇచ్చింది" అని మాత్రమే ఉంటుంది. మనం పిడుదుల మందు అని ఒకే పేరుతో పిలిచేవి నిజానికి ఒకదానితో ఒకటి సంబంధం లేని అయిదారు రకాల రసాయనాలు. ఒకటి కుక్కకు పెద్దగా ఏమీ చేయకుండా పిల్లిని చంపుతుంది. ఒకటి కుక్కకు, పిల్లికి రెండింటికీ పడుతుంది కానీ కుందేలుకు పడదు. ఇంకొకటి కొన్ని జాతుల కుక్కలకు మరీ ప్రమాదం. వికటించినప్పుడు చేసే వైద్యం కూడా మందును బట్టి మారుతుంది. అందుకే ఈ జవాబులో ఎక్కువ భాగం మందు పేరు గురించి, జంతువు బరువు గురించే ఉంటుంది.

ముందు చిట్టి సంగతి. డెల్టామెత్రిన్, సైపర్‌మెత్రిన్, పర్‌మెత్రిన్ ఇవన్నీ పైరెథ్రాయిడ్లు అనే ఒకే కుటుంబానికి చెందినవి. చామంతి జాతి పువ్వు నుంచి తీసే ఒక సహజ పదార్థాన్ని చూసి, దానికంటే బలంగా, ఎక్కువ కాలం నిలిచేలా ఫ్యాక్టరీల్లో తయారు చేసినవి. ఇవి పురుగు నరాల మీద పని చేస్తాయి. కాలింగ్ బెల్ బటన్ లోపలికి ఇరుక్కుపోతే గంట ఆగకుండా మోగినట్టు, నరం ఒకసారి స్పందించి ఆగాల్సింది పోయి మళ్లీ మళ్లీ స్పందిస్తూనే ఉంటుంది. పురుగు అలా కొట్టుకుని చస్తుంది. గేదె, కుక్క, మనిషి శరీరంలోకి కొద్దిగా వెళ్లినా కాలేయం దాన్ని త్వరగా విరిచి బయటికి పంపేస్తుంది. పిల్లి కాలేయానికి ఆ శక్తి చాలా తక్కువ. ఇలాంటి పదార్థాలకు గ్లూకురోనిక్ ఆమ్లాన్ని జోడించి మూత్రంలో పంపించే పని మిగతా జంతువుల్లో జరిగినట్టు పిల్లిలో జరగదు. మనం జ్వరానికి వేసుకునే పారాసెటమాల్ మాత్ర ఒక్కటి కూడా పిల్లిని చంపగలదు, కారణం చాలావరకు ఇదే. ఆ సంగతి కూడా ఇంట్లో అందరికీ చెప్పి ఉంచండి.

రాయకుండానే ఎలా ఎక్కిందంటే, రెండు దారులు. రాకీ బొచ్చు ఇంకా తడిగా ఉండగా చిట్టి దాన్ని ఆనుకుని పడుకుంది కాబట్టి మందు దాని ఒంటికి అంటుకుంది. పిల్లి ఊరుకోదు, ఒంటికి అంటిన ప్రతిదాన్నీ నాకి శుభ్రం చేసుకుంటుంది. అలా నోటి ద్వారా కూడా వెళ్లింది. కలిసి పడుకునే, ఒకదాన్నొకటి నాక్కునే కుక్క, పిల్లి ఉన్న ఇళ్లలో ఇలాంటివి నేను చూస్తూనే ఉన్నాను. అలాంటి ఇంట్లో కుక్కకు పైరెథ్రాయిడ్ మందు వాడకపోవడమే మంచిది. తప్పనిసరై వాడితే కనీసం మూడు రోజులు రెండింటినీ వేర్వేరు గదుల్లో ఉంచాలి. కుక్క మెడ వెనక చుక్కలుగా వేసే కొన్ని ట్యూబుల్లో పర్‌మెత్రిన్ 45 శాతం పైనే ఉంటుంది. ఆ ట్యూబును పొరపాటున పిల్లికే వేయడం ఇంకా ఘోరం. చిన్నదే కదా అని సగం ట్యూబు వేసేవాళ్లున్నారు. సగమైనా ప్రాణం తీస్తుంది. ఫ్లుమెత్రిన్ ఉన్న ఒక రకం మెడపట్టీని పిల్లుల కోసం కూడా తయారు చేస్తారు. అది మందును చాలా కొద్దికొద్దిగా వదిలేలా చేసినది కాబట్టి దాన్ని చూసి మిగతావి కూడా ఫరవాలేదు అనుకోకూడదు.

ఇలాంటిది మళ్లీ ఎప్పుడైనా జరిగితే, లేదా పక్కింటి పిల్లికి జరిగితే, మొదటి గంటలో ఏం చేయాలో రాస్తాను. వణుకు ఇంకా మొదలు కాలేదు, లేదా కొద్దిగానే ఉంది అంటే వెంటనే గోరువెచ్చని నీళ్లతో, గిన్నెలు తోమే లిక్విడ్ సబ్బుతో స్నానం చేయించండి. ఆ మందు నూనెలాంటిది, వట్టి నీళ్లకు పోదు. పురుగుల మందు కలిసిన షాంపూ మాత్రం వాడొద్దు. నీళ్లు వేడిగా ఉంటే చర్మంలోకి రక్తం ఎక్కువగా వచ్చి మందు ఇంకా లోపలికి పోతుంది. చన్నీళ్లయితే ఒళ్లు చల్లబడి వణుకు పెరుగుతుంది. కడిగాక బాగా తుడిచి, పొడి తువాలు చుట్టి, చీకటిగా, సద్దు లేకుండా ఉన్న చోట బుట్టలో పెట్టండి. చిన్న చప్పుడుకే ఉలిక్కిపడి ఫిట్స్ వచ్చే స్థితిలో ఉంటుంది అది. నోట్లో పాలు, మజ్జిగ, ఉప్పునీళ్లు, చింతపండు రసం ఏదీ పోయకండి. వాంతి చేయించే ప్రయత్నం అసలే వద్దు, ఊపిరితిత్తుల్లోకి పోయి అదో కొత్త ప్రమాదం అవుతుంది. ఫిట్స్ వస్తూ ఉంటే స్నానం కూడా వద్దు, నేరుగా ఆస్పత్రికే. లక్షణాలు కొన్ని గంటల్లో రావచ్చు, ఒక్కోసారి రెండు మూడు రోజులకు కూడా రావచ్చు. కాబట్టి "నిన్న రాశాం, ఏమీ కాలేదు" అని ధైర్యం తెచ్చుకోకండి, మందు పడిన పిల్లిని మూడు రోజులు కనిపెట్టి ఉండండి.

ఆస్పత్రికి వెళ్లేటప్పుడు సీసా గానీ, ట్యూబు గానీ, మాత్ర పెట్టె గానీ చేత్తో పట్టుకెళ్లండి. ఎందుకింత గట్టిగా చెబుతున్నానంటే, పొలాల్లో పురుగుల మందు తాగినవాళ్లకు అట్రోపిన్ ఎక్కించడం మన ఊళ్లలో అందరికీ తెలుసు. దాంతో ఏ మందు వికటించినా అట్రోపిన్ అనే ఆలోచన వచ్చేస్తుంది. అది ఆర్గానోఫాస్ఫేట్ రకం మందులకు పనిచేసే విరుగుడు. చిట్టికి ఎక్కినలాంటి పైరెథ్రాయిడ్‌కు అది విరుగుడు కాదు. దీనికి కండరాల వణుకు తగ్గించే మెథోకార్బమాల్, ఫిట్స్‌కు డయాజెపామ్ లాంటివి, సెలైన్, ఒంటి వేడి కాపాడటం కావాలి. కొన్నిచోట్ల కొవ్వు ద్రావణాన్ని రక్తనాళంలోకి ఎక్కించే చికిత్స కూడా చేస్తున్నారు. ఇక అమిట్రాజ్ అనే ఇంకో మందు వికటిస్తే అట్రోపిన్ మేలు కంటే కీడే ఎక్కువ చేయవచ్చు. దానికి యోహింబిన్, అటిపామెజోల్ అనే వేరే విరుగుళ్లున్నాయి. డాక్టరుకు పేరు తెలియకపోతే లక్షణాలు చూసి ఊహించాలి, ఆ ఊహకు పట్టే సమయం కూడా పిల్లి ప్రాణంలోంచే పోతుంది.

రాకీకి వచ్చింది అంత ప్రమాదం కాదు. పైరెథ్రాయిడ్ చర్మానికి తగిలితే చీమలు పాకినట్టు, మంట పుట్టినట్టు ఉంటుంది. మిర్చి తోటలో మందు కొట్టినవాళ్లకు మొహం మీద చిమచిమలాడటం మీ వాళ్లకు అనుభవమే అయి ఉంటుంది, ఇదీ అలాంటిదే. అందుకే గోడకు రుద్దుకుంది. నాకితే నోటికి వెగటుగా ఉండి చొంగ కారుతుంది. సబ్బుతో కడిగేస్తే సాధారణంగా ఒకటి రెండు రోజుల్లో తగ్గిపోతుంది. ఈపాటికి తగ్గే ఉంటుంది. కాకపోతే "కొంచెం నీళ్లు కలిపి" అన్నారు చూడండి, అక్కడే అసలు ఇబ్బంది. ఆ సీసాలో ఉన్నది చిక్కటి మందు. లీటరు నీటికి ఇన్ని మిల్లీలీటర్లు అని లేబుల్ మీద లెక్క ఉంటుంది, ఆ లెక్క కూడా పశువులకు రాసింది. కళ్లతో చూసి కలిపే మందు కాదది.

గేదెల మందుల్లో కుక్కలకు ఎక్కువగా వాడేస్తున్నవి ఇంకో రెండున్నాయి. మీ మరిది రేపు ఇది కాదని అవి తెచ్చే అవకాశం ఉంది, కాబట్టి చెప్పాలి. ఒకటి ఇందాక అన్న అమిట్రాజ్, 12.5 శాతం ద్రావణం. సరిగ్గా కలిపి, డాక్టరు చెప్పినట్టు వాడితే కుక్కలకు పనికొచ్చే మందే. చిక్కగా పడితే, లేదా కుక్క నాకితే, కొన్ని గంటల్లో మత్తుగా పడిపోతుంది, గుండె నెమ్మదిస్తుంది, ఒళ్లు చల్లబడుతుంది, వాంతులవుతాయి, రక్తంలో చక్కెర పెరుగుతుంది. షుగరున్న కుక్కకు, చిన్న కుక్కపిల్లలకు, చూడి కుక్కకు, చివావా లాంటి బుల్లి జాతులకు వాడకూడదు. పిల్లులకు వద్దే వద్దు. కలిపిన నీళ్లు మిగిలితే పారబోయాలి, మర్నాటికి దాచకూడదు. రాసే మనిషి చేతికి తొడుగులు వేసుకుని, గాలాడే చోట రాయాలి.

రెండోది ఐవర్‌మెక్టిన్ ఇంజెక్షన్. దీని విషయంలో నాకు చాలా కోపం వస్తుంది. పశువులకు వాడే ఒక శాతం ఇంజెక్షన్ లెక్క 50 కిలోల బరువుకు ఒక మిల్లీలీటరు. 5 కిలోల కుక్కపిల్లకు అదే లెక్క వేస్తే 0.1 మిల్లీలీటరు, మామూలు సిరంజిలో సరిగ్గా కొలవడానికే వీలుకానంత తక్కువ. వైద్యం చదవనివాళ్లు ఇంటికొచ్చి ఒకటో, అరో మిల్లీలీటరు పొడిచి వెళ్లిపోతుంటారు. అంటే అయిదు రెట్లు, పది రెట్లు. మర్నాటికి కంటిపాపలు విప్పారి, చూపు పోయి, తూలుతూ, చొంగ కారుస్తూ, చివరికి స్పృహ లేకుండా వస్తాయి ఆ పిల్లలు. దీనికి విరుగుడు లేదు. సెలైన్ పెట్టి, ఊపిరి, ఒంటి వేడి చూసుకుంటూ రోజుల తరబడి కాపాడుకోవాలి. కోలీ, షెల్టీ, ఆస్ట్రేలియన్ షెపర్డ్ జాతుల్లో, కొన్ని జర్మన్ షెపర్డ్‌లలో కూడా, మందులను మెదడులోకి పోకుండా అడ్డుకునే ఒక ప్రొటీన్ జన్యులోపం వల్ల పనిచేయదు. ఆ లోపాన్ని వాషింగ్టన్ స్టేట్ యూనివర్సిటీ శాస్త్రవేత్తలు 2001లో కనిపెట్టారు. అలాంటి కుక్కకు గజ్జి కోసం మామూలుగా ఇచ్చే మోతాదే విషమవుతుంది. ఇంత చేసీ, కుక్క పిడుదుల మీద ఐవర్‌మెక్టిన్ పనితనం అంతంత మాత్రమే. ఆ ఇంజెక్షన్ రాకీకి వేయించకండి.

పొలానికి కొట్టే మందుల్ని కుక్కకు పట్టించడం గురించి కూడా ఒక మాట. వరికి, మిర్చికి కొట్టే ఫిప్రోనిల్ 5 శాతం మందు, కుక్కల స్ప్రేలో ఉండే ఫిప్రోనిల్ ఒకటే కదా, ఇది చవక కదా అని అడుగుతారు రైతులు. పదార్థం ఒకటే అయినా దాన్ని దేంట్లో కలిపారు, ఎంత చిక్కగా ఉంది అన్నవి వేరు. పొలం మందు జంతువు చర్మానికి పెట్టి పరీక్షించింది కాదు. జంతువులకని తయారైన ఫిప్రోనిల్ మాత్రం కుక్కకు, పిల్లికి బాగానే పడుతుంది, రాసినచోట కొద్దిగా ఎర్రబడటం తప్ప పెద్దగా ఏమీ చేయదు. మీ వీధిలో ఎవరైనా కుందేళ్లు పెంచుతుంటే వాటికి మాత్రం తగలనివ్వకండి, వాటికి అది ప్రాణాంతకం.

అత్తయ్య గారి మాట నాకు అర్థమైంది. కళ్లముందు పిల్లి అలా కొట్టుకుంటుంటే ఎవరికైనా మందులంటే భయం పుడుతుంది. కానీ మందులు మానేస్తే ఆ ఖాళీలోకి వచ్చేవి ఇంకా ప్రమాదం కావచ్చు. పొగాకు కషాయం పోస్తారు, నికోటిన్ చర్మం గుండా ఎక్కి కుక్క పడిపోతుంది. సీతాఫలం గింజల పొడి రాస్తారు, అది కంట్లో పడితే చూపే దెబ్బతింటుంది. కిరసనాయిలు రాస్తే చర్మం ఊడి వస్తుంది. నేల తుడిచే ఫినాయిల్, కలరా ఉండలు, కర్పూరం నూనె ఇవన్నీ పిల్లికి విషాలే. వేపనూనె పలచగా రాస్తే ఈగల్ని, పురుగుల్ని కొంత దూరంగా ఉంచుతుంది తప్ప చెవి నిండా పట్టిన పిడుదుల్ని వదిలించలేదు.

పైగా పిడుదుల్ని వదిలేస్తే వచ్చేది టిక్ ఫీవర్. మన దగ్గర కుక్కలకు పట్టే గోధుమరంగు పిడుదు ఎర్లీకియా, బబేసియా అనే రోగాలను మోస్తుంది. జ్వరం, తిండి మానేయడం, చిగుళ్లు పాలిపోవడం, ముక్కు నుంచి రక్తం, పొట్ట మీద ఎర్రటి మచ్చలు దాని లక్షణాలు. రక్తంలో ప్లేట్‌లెట్లు పడిపోతాయి. కనిపెట్టి మందు వేస్తే చాలా కుక్కలు కోలుకుంటాయి, ఎర్లీకియాకు డాక్సీసైక్లిన్ దాదాపు నాలుగు వారాలు ఇస్తారు. కనిపెట్టకపోతే చనిపోతాయి. ఇక్కడే ఒక తికమక ఉంది. ఎర్లీకియా సోకిన పిడుదు కుట్టాక ఒకటి నుంచి మూడు వారాలకు జ్వరం వస్తుంది. అంటే పిడుదులు బాగా పెరిగాయని మనం మందు రాసిన సమయానికే లోపల రోగం పెరుగుతూ ఉంటుంది. మందు రాసిన వారానికి కుక్క నీరసపడితే "మందు వికటించింది" అనేస్తారు. మందు వల్ల వచ్చే ఇబ్బంది చాలావరకు కొన్ని గంటల్లో, మహా అయితే రెండు మూడు రోజుల్లో బయటపడుతుంది. ఆ తర్వాత వచ్చే నీరసానికి, జ్వరానికి రక్తపరీక్ష చేయించాలి. రాకీకి వచ్చే నెలలో తిండి తగ్గినా, చిగుళ్లు తెల్లబడినా మందును తిట్టుకుంటూ కూర్చోకుండా రక్తం పరీక్షించమని అడగండి.

ఇప్పుడు మాత్రల గురించి. బ్రావెక్టో, నెక్స్‌గార్డ్, సింపారికా పేర్లతో వచ్చేవి ఐసాక్సజోలిన్ అనే కుటుంబం. మిమ్మల్ని భయపెట్టినవాళ్లు చెప్పింది పూర్తిగా పుకారేం కాదు. అమెరికాలో మందుల్ని నియంత్రించే సంస్థ ఎఫ్‌డీఏ 2018 సెప్టెంబరులో ఈ కుటుంబం మొత్తం మీద ఒక హెచ్చరిక ఇచ్చింది. కొన్ని కుక్కల్లో, పిల్లుల్లో వణుకు, తూలడం, ఫిట్స్ వచ్చాయని, అంతకుముందు ఎప్పుడూ ఫిట్స్ రానివాటిలో కూడా వచ్చే అవకాశం ఉందని చెప్పింది. అదే సంస్థ, ఎక్కువ జంతువులకు ఇవి సురక్షితమేనని కూడా చెప్పింది, మార్కెట్లో కొనసాగనిచ్చింది. ఆ రెండు మాటల్నీ కలిపి చూడాలి. ఫిట్స్ చరిత్ర ఉన్న కుక్క అయితే నేను వేరే దారి చూస్తాను. రాకీకి ఆ చరిత్ర లేదు. పక్కన పిల్లి ఉన్న ఇంట్లో, బొచ్చు మీద ఏమీ మిగల్చని మాత్రే నా దృష్టిలో మంచి ఎంపిక. ఎక్కువగా కనిపించేవి వాంతి, పలచటి విరేచనం, ఒకరోజు మందకొడిగా ఉండటం, అంతే.

కానీ మొదటిసారికి మూడు నెలలు పనిచేసే బ్రావెక్టోకు బదులు నెల మాత్ర వేయమంటాను. ఒంటికి పడకపోతే లోపలికి వెళ్లిన మందును తిరిగి బయటికి తీయలేం కదా, అలాంటప్పుడు పన్నెండు వారాల కంటే నాలుగు వారాలు నయం. ముందు రాకీని కాటా మీద తూచండి, మిర్చి బస్తాలు తూచేదైనా సరే. 24 కిలోలు అన్నది అంచనా అయితే చిక్కొస్తుంది. నెక్స్‌గార్డ్‌లో 10 నుంచి 25 కిలోలకు ఒక సైజు మాత్ర, 25 దాటితే దాని బదులు వేరే సైజు మాత్ర. బ్రావెక్టోలో 20 నుంచి 40 వరకు ఒకటే. ఒక కంపెనీ లెక్కను ఇంకో కంపెనీ మాత్రకు వేసుకోకూడదు. డబ్బు కలిసొస్తుందని పెద్ద మాత్ర కొని ముక్కలు చేసి రెండు కుక్కలకు పంచేవాళ్లున్నారు. ముక్కలో ఎంత మందు వచ్చిందో ఎవరూ చెప్పలేరు, అలా చేయొద్దు. రాకీ పూర్తిగా మామూలుగా తిరుగుతూ, తింటూ ఉన్నాకే, మీ డాక్టరు ఒకసారి చూసి సరేనన్నాకే వేయండి. అన్నం పెట్టాక వేయండి. శనివారం రాత్రి కాకుండా, డాక్టరు అందుబాటులో ఉండే రోజు పొద్దున్న వేస్తే ఆ రోజంతా మీరే చూసుకోవచ్చు.

మాత్ర వేశాక పిడుదు కుడితేనే చస్తుంది. కాబట్టి మరుసటి రోజు ఒంటి మీద పిడుదులు కనిపిస్తే మాత్ర పనిచేయలేదని టెన్షన్ పడి, మళ్లీ పట్టీ కట్టి, పైన స్ప్రే కొట్టి, షాంపూ పోసి అన్నీ ఒకే వారంలో చేయకండి. నా దగ్గరికి వచ్చే ఇబ్బందుల్లో ఇలా ఒకదాని మీద ఒకటి వేసినవే ఎక్కువ. అమెరికాలో 2008లో ఇలాంటి చుక్కల మందులు, స్ప్రేలు, పట్టీల వంటి వాటి మీద 44 వేలకు పైగా ఫిర్యాదులు వస్తే అక్కడి పర్యావరణ రక్షణ సంస్థ ప్రత్యేకంగా పరిశీలించింది. చాలావరకు తేలికపాటివే. ఇబ్బంది పడినవాటిలో చిన్న కుక్కలు ఎక్కువగా ఉన్నాయని, కుక్క మందు తగిలిన పిల్లులు కూడా ఉన్నాయని తేలింది. బరువు, జాతి చూడకుండా వాడితే అక్కడైనా ఇక్కడైనా ఇంతే.

చిట్టికి ఇప్పుడే ఏమీ రాయకండి. పూర్తిగా కోలుకున్నాక, ఒంటి మీద పురుగులు నిజంగా ఉంటేనే, పెట్టె మీద పిల్లి బొమ్మ ఉన్న సెలామెక్టిన్ గానీ ఫిప్రోనిల్ గానీ దాని బరువుకు తగ్గట్టు డాక్టరు చేత వేయించండి.

ఇంటి సంగతి వదిలేస్తే రాకీకి ఎన్ని మాత్రలేసినా లాభం లేదు. కుక్క మీద కనిపించేవి కొన్నే, మిగతావి గోడ పగుళ్లలో, మంచం కోళ్ల దగ్గర, రాకీ పడుకునే గోనెసంచిలో ఉంటాయి. ఆడ పిడుదు రక్తం తాగి కిందికి రాలి వేలల్లో గుడ్లు పెడుతుంది. పిల్ల దశలో రెండుసార్లు, పెద్దదయ్యాక ఒకసారి మళ్లీ కుక్క మీదికి ఎక్కుతుంది. అందుకే ఒక్క నెలతో ఆపకుండా కనీసం మూడు నాలుగు నెలలు వరసగా మాత్ర వేయాలి. గోనెసంచులు కాల్చేయండి, పరుపుగుడ్డలు మరిగే నీళ్లలో వేసి ఎండలో ఆరేయండి, గోడ పగుళ్లు సిమెంటుతో పూడ్పించండి. మిగిలిన డెల్టామెత్రిన్‌ను గోడలకు కొట్టాలనుకుంటారేమో, చిట్టి ఉన్న ఇంట్లో వద్దు. ఒంటి మీది పిడుదుల్ని చిన్న పట్టకారుతో చర్మానికి దగ్గరగా పట్టుకుని తిన్నగా లాగి సబ్బునీళ్లలో వేయండి. వేళ్లతో చిదమొద్దు, అగరుబత్తితో కాల్చొద్దు.

మీ మండల పశువైద్యశాల రాత్రిళ్లు తెరిచి ఉండదు కాబట్టి పట్నంలో ఏ డాక్టరు ఏ వేళ దాకా చూస్తారో ఇప్పుడే కనుక్కుని నంబరు గోడ మీద రాసుకోండి. పశువుల సంచార వైద్యానికి 1962 నంబరుంది, ఫోన్ చేసి సలహా అడగవచ్చు. పెద్ద చికిత్స అవసరమైతే పశువైద్య కళాశాలల ఆస్పత్రులున్నాయి, హైదరాబాద్‌లో రాజేంద్రనగర్, ఆంధ్రా వైపు గన్నవరం, తిరుపతి.

పాప గురించి అడిగారు. రాకీకి మాత్ర వేస్తే బొచ్చు మీద మందు ఉండదు, పాప ఎప్పటిలాగే ఆడుకోవచ్చు. ఎప్పుడైనా ఒంటి మీద రాసే మందు వాడితే ఒకరోజు పూర్తిగా దూరంగా ఉంచండి, ఆ రాత్రి ఒకే పక్క మీద పడుకోనివ్వకండి. మిగిలిన ఆ సీసా మూత గట్టిగా బిగించి, పాపకు అందనంత ఎత్తులో తాళం వేసి పెట్టండి, లేదా గేదెలున్న ఇంటికి లేబుల్‌తో సహా ఇచ్చేయండి. తాగే నీళ్ల బాటిల్‌లోకి మాత్రం మార్చకండి.